కొర్రవెన్ను కప్పు

మొన్న ఎండాకాలం మా చెల్లెలి మనవరాలు వచ్చి నా దగ్గర పది రోజులుంది. హైదరాబాదులో బొమ్మల చదువు చదువుతున్న పిల్ల. నేను వరండాలో కూర్చుని వడియాలు పెడుతుంటే పక్కన చేరి, ఫోను నా కళ్ళద్దాల దాకా తెచ్చి, చీనా దేశంలో ఇప్పటి చిత్రకారులు వేసిన బొమ్మలట, ఏదో పెద్ద శాలలో పెట్టినవి, ఒక్కొక్కటే చూపించింది. గోడంత కాగితాలు, వాటి మీద నల్లసిరా తప్ప మరో రంగు లేదు. ఒకచోట చిక్కగా, ఒకచోట కడుగునీళ్ళంత పలచగా, కొండ ఎక్కడ ఆగిందో మంచు ఎక్కడ మొదలయిందో తెలియకుండా ఉన్నాయి. ఆ తరువాత పింగాణి. నేలంతా పరిచిన పింగాణి ఆకులు, పగలగొట్టి మళ్ళీ అతికిన కూజాలు, అవి కూడా ఇప్పుడు కళేనట. చివర్లో నా వయసున్న ఒక చీనా ఆవిడ కనిపించింది. తెల్లటి గిన్నెను ఎడమ అరచేతిలో తిప్పుకుంటూ, కుంచెను నిట్టనిలువుగా పట్టి, ఊపిరి బిగబట్టి ఒక కొమ్మను గీసింది.

ఆవిడ చెయ్యి కదులుతుంటే నా చెయ్యి కూడా పైకి లేచిందని నాకు తెలియనే లేదు. పిండి అంటిన మూడు వేళ్ళూ కుంచె పట్టినట్టు దగ్గరికి చేరాయి. ఆ పిల్ల కళ్ళు చురుకు.

“ఏంది జేజీ, గాల్లో గీస్తాండావు? యాడ నేర్చినావు ఈ పట్టు?”

“గీసేదేంది, పిండి రాలగొడతాండా” అన్నాను.

పిల్ల నవ్వి ఊరుకుంది. నేను ఊరుకోలేకపోయాను. ఇన్నేళ్ళుగా చెల్లెలికి కూడా పూర్తిగా చెప్పని సంగతి ఒకటి లోపల కదిలింది. ఈ కాలం పిల్లలకు చెబితే కథ అనుకుంటారు. నా ఈడువారైతే ఆ అరుగులూ ఆ గూళ్ళూ చూసినవారే కనుక, వారిని తలుచుకుని రాస్తున్నాను.

మాది నంద్యాల. మిషను దొరలు కట్టించిన క్రీస్తు గుడి, ఆస్పత్రి, ఆడపిల్లల హాస్టలు అన్నీ ఒకే ప్రహరీలో ఉన్న కాంపౌండులో మా నాయన తోటమాలి. వెనక గోడ పక్కన మాకు రెండు గదుల ఇల్లు ఇచ్చారు. అమ్మకు ఉబ్బసం. పెద్దదాన్ని నేను కాబట్టి పొయ్యి, నీళ్ళు, చెల్లెలు అన్నీ నా మీదే పడి, బడి గంట రోజూ చెవిన పడుతున్నా ఆ గడప మాత్రం తొక్కలేదు. ఆయాసం తగ్గిన పూటల్లో అమ్మ గుడి పాటల పుస్తకం ముందు పెట్టుకుని, నాకు నోటికి వచ్చిన పాటే పాడుతూ, ఒక్కో అక్షరం మీద నా వేలు పట్టి పెట్టించేది. అలా నేను మొదట చదివిన మాట స్తోత్రం. గంజి దొరికినా స్తోత్రమే, అమ్మ ఒక్క రాత్రి దగ్గకుండా పడుకున్నా స్తోత్రమే. మేలు చేసినవారిని మరిచిపోకపోవడం ఒక్కటే నాకు చిన్నప్పటినుంచీ వచ్చిన చదువు. ఆ చదువే ఒకనాడు నన్ను ఎలా నిలబెట్టిందో చెప్పడానికే ఇదంతా.

కాంపౌండు చివరి బంగళాలో ఒక ముసలి దొరసానమ్మ ఉండేది. వయసులో ఉండగా చీనా దేశంలో చాలా ఏళ్ళు పిల్లలకు చదువు చెప్పి, అక్కడ దొరలను ఉండనివ్వని రోజులు వచ్చాక ఈ దేశం చేరిందట. అందుకని అందరూ చీనా దొరసానమ్మ అనేవారు. ఆమె తెలుగు అచ్చు పుస్తకంలోంచి ఊడిపడ్డట్టు ఉండేది. తోటలో దూరిన కోడిని కూడా మీరు దయచేసి వెళ్ళిపొండి అని అదిలిస్తుందని నాయన కడుపు పట్టుకుని నవ్వేవాడు.

ఆమె ఇల్లు ఊడ్వడానికి అమ్మకు బదులు నేను పోయేదాన్ని. మా ఇళ్ళలో ముగ్గు వెయ్యరు. ఊళ్ళో నా ఈడు పిల్లలు పొద్దున్నే వాకిట్లో ముగ్గుపిండితో చేతి దురద తీర్చుకుంటే, నేను బొగ్గుముక్కతో వంటింటి నేల మీద తీర్చుకునేదాన్ని. ఒకరోజు ఆమె వరండా బండల మీద కోడిపెట్టను గీసి, చెరపడం మరిచిపోయాను. తిడుతుందని కాలితో చెరపబోతుంటే, చీపురు పక్కన పెట్టించి లోపలికి పిలిచి, పెట్టె తెరిచింది. అందులో కుంచెలు, నల్లరాతి పలక ఒకటి, నల్లటి సిరాకడ్డీలు, మడతలు పెట్టిన మెత్తటి కాగితం ఉన్నాయి. అప్పుడు నాకు పద్నాలుగేళ్ళు. డెబ్బయ్యో పడి అప్పుడే మొదలయింది.

మొదటి మూడు నెలలు నన్ను కుంచె ముట్టనివ్వలేదు. సిరా తియ్యడమే పని. రాతి పలక మీద నాలుగు చుక్కల నీళ్ళు పోసి, గంధం తీసినట్టు ఆ కడ్డీని గుండ్రంగా తిప్పుతూ ఉండాలి. తొందరపడితే పలుకులు పలుకులుగా వస్తుంది, కోపంగా ఉంటే ఇంకా పాడవుతుంది. నీ మనసు నిలబడిందో లేదో నీవు చెప్పనక్కరలేదు, సిరా చెబుతుంది అనేది. ఆ తరువాత కుంచె. నిలువుగా పట్టాలి, మణికట్టు ఆనకూడదు, ఒక గీత ఒకేసారి పడాలి. పడిన గీతను చెరపడానికి లేదు, దిద్దడానికి లేదు. బొగ్గు గీతలను కాలితో చెరిపేసుకుని పెరిగినదాన్ని, నాకు ఆ మాట చాలా భయంగా ఉండేది. కాగితమంతా నింపబోతే నా చెయ్యి పట్టుకుని ఆపేది. వదిలేసిన తెలుపు కూడా బొమ్మేనని నాకు ఎక్కడానికి ఏడాది పట్టింది.

ఆమె నేర్పింది వెదురు, చలికాలంలో ఆకు లేకుండా పూసే ఏదో చెట్టు కొమ్మ. నేను చూడని చెట్టు నా చేతికి రాలేదు. నాకు తెలిసినవి తుమ్మ కొమ్మ, శనగ మొక్క, కోతకొచ్చి తల వంచిన కొర్రవెన్ను. ఒకనాడు ధైర్యం చేసి కొర్రవెన్ను వేశాను. వెదురాకు గీతలాగే కొర్ర ఆకు గీత కూడా సన్నగా మొదలై, నడుమ బలిసి, చివర వాలిపోతుంది. వెన్నును మాత్రం తడి ఆరిన కుంచెతో అద్దుకుంటూ పోవాలి. దొరసానమ్మ చాలాసేపు చూసి, ఇది చీనాది కాదు, ఇది నీది అంది. ఇంటికి వచ్చి పొయ్యి ముందు మోకాళ్ళూని స్తోత్రం చెప్పుకున్నాను.

కాగితం అయిపోతే గాలిపటాల కాగితం తెచ్చుకున్నాం. సిరాకడ్డీలు అరిగిపోతే లాంతరు చిమ్నీల మసి గోకి, తుమ్మబంకతో కలిపి చేసుకున్నాం. ఎండాకాలం ఆ బంక పులిసి వచ్చే కంపు ఇంతా అంతా కాదు. మా యక్క చచ్చిన ఎలికతో గీస్తాది అని చెల్లెలు హాస్టలు పిల్లలందరికీ చెప్పి పెట్టింది.

చివరికి ఆమె దగ్గర ఆరు తెల్లటి పింగాణి కప్పులూ, చిన్న సీసాలో అడుగంటిన నీలం పొడీ మిగిలాయి. ఆ పొడిని నూనెతో నూరి పింగాణి మీద వేసి, నిప్పులో కాలిస్తేనే పడుతుంది, కాల్చకపోతే గుడ్డతో తుడిస్తే పోతుంది. నంద్యాలలో అలాంటి బట్టీ ఎక్కడుంది? నాయనకు పూలకుండీలు చేసిచ్చే కుమ్మరాయన ఊరి చివర ఉండేవాడు. ఆయన్ను నాయనే పోయి అడిగాడు.

“కుండలు కాల్చే ఆవంలో కప్పులు కాల్చమంటావేంది అప్పా? కాఫీ గూడా కాచియ్యమంటావా?” అన్నాడట నాయనతో.

వేళాకోళం చేసినా పని మాత్రం మనసు పెట్టి చేశాడు. ఒక్కో కప్పునూ ఒక్కో కుండలో పెట్టి, మూత పెట్టి, సందులకు మట్టి మెత్తి, తన కుండల నడుమ పేర్చి కాల్చాడు. రెండు రోజులు చల్లారనిచ్చి తీస్తే మూడు పగిలాయి, రెండిటికి పొగ తగిలి రంగు బూడిదయింది. ఒకే ఒక్కటి నిలిచింది. తెల్లటి కప్పు మీద నీలం కొర్రవెన్ను, దాని బరువుకు వంగిన ఆకు, ఆకు మీద ఒక పిచ్చుక తోక. పిచ్చుక తల కప్పు అవతలి వైపు ఉంటుంది. తాగేవాళ్ళు కప్పును తిప్పి చూస్తేనే దాని కన్ను కనబడుతుంది. ఆ కప్పును మొదట తిప్పి చూసింది నాయనే. తిప్పి, నవ్వి, మళ్ళీ తిప్పాడు.

మొదటి మంచి పనిని మన దగ్గర ఉంచుకోరాదు, నీవు ఎవరికి కృతజ్ఞురాలివో వారికి ఇవ్వు అంది దొరసానమ్మ. నాకు ఆలోచించే పనే లేకపోయింది.

నాయన సొంతూరు ఆళ్ళగడ్డ పక్కన పల్లె. హాస్టలు వంటకు కొర్రలూ శనగలూ ఆళ్ళగడ్డలో ఒక శెట్టి అంగట్లోనే కొనేవారు కాబట్టి నెలకోసారి నాయన పోయి మూటలు వేయించుకుని వచ్చేవాడు. నాకు పదేళ్ళప్పుడు ఆ పల్లెలో పెళ్ళికి పోయి వస్తూ ఆళ్ళగడ్డలో బస్సు దగ్గర అమ్మకు ఉబ్బసం ముంచుకొచ్చింది. పెదవులు నల్లబడ్డాయి. బస్సువాడు ఎక్కించుకోనన్నాడు. మేము ఊరి బయట పేట మనుషులం. దేవుణ్ణి మార్చుకున్నాం గాని పేట మారలేదు. తెలిసిన గడప అదొక్కటే కనుక నాయన అమ్మను చేతుల మీద మోసుకుని శెట్టి ఇంటి ముందు నిలబడ్డాడు. శెట్టి ఏమీ తేల్చక నసుగుతుంటే లోపల్నుంచి శెట్టెమ్మ వచ్చి గద్దించింది.

“పానం పోతాంటే పేట ఏంది, ఊరేంది? జీపు తియ్యమను బేగా!”

తన మంచం మీది దుప్పటి తెచ్చి జీపులో పరిపించింది. అమ్మ నంద్యాల ఆస్పత్రికి ఊపిరితో చేరింది, ఆ తరువాత పదమూడేళ్ళు బతికింది. ఆ పదమూడేళ్ళూ శెట్టెమ్మ పెట్టిన భిక్ష అని నేను అప్పుడు నమ్మాను, ఇప్పుడూ నమ్ముతున్నాను. కింద ఏమి రాసినా ఈ మాట మాత్రం మార్చను.

కప్పు శెట్టెమ్మకు ఇస్తానంటే అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాయన మాత్రం గునపం పక్కన పెట్టి తల గోక్కున్నాడు.

“బెల్లం ఇద్దాంలే మ్మా ఆ యమ్మకు. మన తోటలో అరటిగెల ఇద్దాం. కప్పెందుకు?”

“ఏం నాయనా?”

“వాళ్ళు పింగాణిలో తాగరు మ్మా.”

“తాగకపోతే బీరువాలో పెట్టుకుంటారు” అన్నాను. దొరసానమ్మ గదిలో అద్దాల బీరువాలో పింగాణి సామాను చూసి చూసి, లోకంలో పింగాణికి ఉండే చోటు అదేననుకున్నాను. నాయన మళ్ళీ గునపం అందుకున్నాడు. ఆ రోజు ఒక్క మాట విప్పి చెప్పి ఉంటే బాగుండేదని ఒకప్పుడు ఆయన మీద కోపం వచ్చేది. కూతురు గీసిన మొదటి బొమ్మ చేతిలో పట్టుకుని వెలిగిపోతుంటే, ఏ తండ్రికి నోరు వస్తుంది?

అహోబిలం పోయే యాత్రికులతో కిక్కిరిసిన బస్సులో, కప్పును పాత చీర ముక్కలో చుట్టి ఒళ్ళో పెట్టుకుని పోయాను. శెట్టెమ్మ దాన్ని నా చేతిలోంచి అందుకోలేదు, అరుగు మీద పెట్టమంది. చెయ్యి తడిగా ఉందేమో అనుకున్నాను. తరువాత తనే తీసుకుని, వెలుతురుకు పట్టి చూసి మురిసిపోయింది.

“నీవే గీసినావంటే పిల్లా! ఆకు సూడు, గాలికి ఊగుతాండట్టే ఉంది.”

తినడానికి కారాలు ఆకులో చుట్టి ఇచ్చింది, అమ్మ ఎట్లుందని పదిసార్లు అడిగింది. నేను దారి పొడుగునా ఆ ఇంటిని దీవించమని దేవుణ్ణి అడుగుతూ వచ్చాను. నాయన కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చున్నాడు.

మూడేళ్ళు గడిచాయి. దొరసానమ్మకు కళ్ళు తగ్గాయి, వాళ్ళ దేశానికి రమ్మని ఆమెకు ఉత్తరం వచ్చింది. పోయే లోపల నాకొక దారి చూపాలని ఆమె పట్టుదల. మద్రాసు దగ్గర పింగాణి సామాను చేసే ఒక కర్మాగారంలో బొమ్మలు గీయడానికి ఆడపిల్లలను తీసుకుంటున్నారని తెలిసి, నా గురించి రాసింది. ఉండడానికి హాస్టలు, నేర్పడానికి పెద్దవాళ్ళు ఉంటారట. చదువు అడగలేదు, సర్టిఫికెట్టు అడగలేదు. అడిగింది ఒకటే, పింగాణి మీద వేసి కాల్చిన పని ఒక్కటి పంపాలి, అదీ నెల లోపల. కాగితం మీద వేసినవి పనికిరావన్నారు. మా దగ్గర నీలం పొడి చిటికెడు కూడా మిగల్లేదు, అలాంటిది దొరికే చోటు ఆమెకే తెలియదు. లోకంలో నా పని అని చూపించడానికి ఉన్నది ఆళ్ళగడ్డలోని ఆ ఒక్క కప్పే.

దాన్ని ఒక పది రోజుల మట్టుకు అడిగి తెచ్చుకుందామని నాయనతో అన్నాను. మూటల పనికి పోతూ నన్ను కూడా తీసుకుపోయాడు. దారిలో నేను ఆడబోయే మాటలు మనసులో కూర్చుకుంటూ కూర్చున్నాను. బీరువా తాళం తీయించి శ్రమపెడుతున్నందుకు ఎలా మన్నింపు కోరాలా అని కూడా ఆలోచించాను.

మధ్యాహ్నం వేళ. శెట్టి ఇంటి వాకిట్లో శనగలు జల్లించే కూలీలు పని ఆపి గోడ నీడన కూర్చున్నారు. వాకిటి గోడలో, బయటి వైపు, చెప్పులు విడిచే చోటికి పైన చిన్న గూడు ఉంది. ఒక కూలి మనిషి టీ తాగి, తొట్టి దగ్గర నీళ్ళతో బూడిదతో కప్పును రుద్ది, ఆ గూట్లో బోర్లించాడు. ఒక కప్పు బోర్లించి ఉంది, అంతే చూశాను. మరొకడు లేచి దాన్ని తీసుకున్నప్పుడు నీలం కనిపించింది.

చెవి విరిగిపోయింది. అంచు రెండుచోట్ల పెచ్చులూడింది. బూడిద రాపిడికి కొర్రవెన్ను సగం అరిగి, పాత చీర మీద మాసిన అంచులా ఉంది. లోపలంతా టీ మరక.

శెట్టెమ్మ బయటికి వచ్చి నన్ను చూసి ముఖమంతా నవ్వింది. ఆ నవ్వులో కల్మషం లేదని ఈ రోజుకూ చెప్పగలను.

“ఏమిరా, బిడ్డను గూడా పిల్చుకోని వచ్చినావే! ఎంత పొడుగైనావే పిల్లా, అమ్మ బాగుందా?” అంటూనే లోపలికి పోయి చెంబులో టీ తెచ్చింది. నాయన గూట్లోంచి కప్పు తీసుకుని రెండు చేతులతో చాచి పట్టాడు. ఆమె పైనుంచి పోసింది. నాయన అరుగు కింద గొంతుక్కూర్చుని తాగాడు, కడిగాడు, నాకు ఇచ్చాడు. నేనూ చాచి పట్టాను. వేడి టీ ధార నా కప్పులోకి పడుతుంటే ఆమె ఎంతో ఆప్యాయంగా అంది:

“నీ కప్పే సూడు! మీవాళ్ళు ఎవురొచ్చినా దీంట్లోనే పోస్తాండాం. నీవు ఇచ్చినప్పట్నుంచి వేరే కప్పు కొనే పనే లేకపాయ.”

కూలీలలో ఎవరో, “ఓహో, ఈ పాపదేనా? పిచ్చిక మూతి అరిగిపాయ మ్మా, మళ్ళా గీసియ్యి” అన్నాడు. అందరూ నవ్వారు. నాయన కూడా నవ్వాడు.

నేనేమన్నానో తెలుసా? చాలా సంతోషం అమ్మా అన్నాను. అలవాటైన నోరు. మేలు చేసిన మనిషి ఎదుట మరో మాట పుట్టలేదు. ఆమె దుప్పటి పరిచి పంపకపోతే మా అమ్మ లేదు. ఆమె ఇచ్చే టీ తాగకుండా కప్పు నేలకేసి కొట్టే హక్కు నాకు ఎవరిచ్చారు? తాగాను. తొట్టి దగ్గర కూర్చుని, బూడిద తీసుకోకుండా ఉత్త నీళ్ళతో, వేలితో మెల్లగా రుద్ది కడిగాను. పది రోజులకు ఈ కప్పు ఇస్తారా అని అడగడానికి నోరు తెరిచాను కూడా. అడిగి ఉంటే ఆమె తప్పకుండా ఇచ్చేది, మరి అప్పటిదాకా మీవాళ్ళకు దేంట్లో పొయ్యాలే పిల్లా అని నవ్వుతూ అనేది. ఆ మాట వినే బలం నాకు లేదు. నా చేత్తోనే ఆ కప్పును తీసుకుపోయి గూట్లో బోర్లించాను.

బస్సు కోసం నిలబడ్డప్పుడు నాయన నా వైపు చూడకుండా అన్నాడు.

“నాకు తెలుసు మ్మా, ఆ పొద్దే. ఇయ్యొద్దంటి గదా. ఇచ్చినాక అనుకుంటి, పోనీలే, అందరి ఎంగిలి గ్లాసు కంటే నా బిడ్డ గీసిందైనా నా నోటికి తగుల్తాదని.”

తల కొట్టేసినట్టయింది. మూడేళ్ళుగా నెలకోసారి ఆయన ఆ అరుగు కింద కూర్చుని నా కప్పులో తాగి, కడిగి, ఇంటికి వచ్చి శెట్టెమ్మ నీ కప్పును బాగా చూసుకుంటుందని నాకు చెబుతూ వచ్చాడు. అది అబద్ధమూ కాదు.

దొరసానమ్మకు మాత్రం నేను అబద్ధం చెప్పాను. కప్పు పగిలిపోయిందన్నాను. ఆమె నిరాశపడలేదు. పగిలిన ముక్కలైనా ఫరవాలేదు, రంగు ఎలా పట్టిందో వారికి తెలుస్తుంది, ముక్కలు తీసుకురా అంది. ముక్కలు పారేశారన్నాను. ఒక అబద్ధానికి ఇంకొకటి. నిజం చెబితే అమ్మను బతికించిన మనిషిని పరాయి దేశం మనిషి ముందు దోషిగా నిలబెట్టినట్టవుతుంది, నాయనను ఆ అరుగు కింద కూర్చోబెట్టి చూపించినట్టవుతుంది. రెండూ చేయలేకపోయాను. నెల దాటిపోయింది, మద్రాసు నుంచి మళ్ళీ ఉత్తరం రాలేదు. దొరసానమ్మ పోతూ పోతూ ఆ నల్లరాతి పలకను నా చేతిలో పెట్టింది. ఆమె చేతిలోంచి నా చేతిలోకే పెట్టింది. హాస్టలు వంటశాలలో పనికి చేరాను. ఆ పలక మీద చాలా ఏళ్ళు మిరియాలు నూరాను.

అమ్మ పోయింది. ఎనభయ్యో పడి నడుమ నాయన కూడా పోయాడు. ఆ కబురు శెట్టెమ్మకు చెప్పాలనిపించి, ఎన్నో ఏళ్ళ తరువాత ఆళ్ళగడ్డ పోయాను. ఇల్లు ముందువైపు కొత్తగా కట్టారు. గోడ నున్నగా గచ్చు చేసి ఉంది, గూడు లేదు. కోడలు నన్ను లోపలి వరండాలో కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఇంట్లోవాళ్ళందరూ తాగే స్టీలు గ్లాసులోనే కాఫీ తెచ్చి నా చేతికి ఇచ్చింది. ఆ చేతిని కళ్ళకద్దుకోవాలనిపించింది. నాయన ఒక్కసారైనా ఇలా కూర్చుని తాగలేదే అనిపించింది. కాఫీ తాగి, ఎందుకో ఆగలేక, ఇక్కడ గూట్లో ఒక పింగాణి కప్పు ఉండేది అన్నాను.

“ఆ పాతదా అక్కా? ఇల్లు కట్టేటప్పుడు మట్టిలో యాడ కలిసిపాయనో” అంది కోడలు.

మంచంలో ఉన్న శెట్టెమ్మ ఆ మాట విని నా వైపు తిరిగింది.

“మీ నాయన కప్పు పట్టుకుంటే బేగి తాగడు మే. తిప్పి తిప్పి సూస్తాండె. ఏం సూస్తాండెనో యేమో, అరిగిపోయిన కప్పులో.”

నేను చెప్పలేదు. బొమ్మను గీసినదాన్ని నేను, తిప్పి చూసినవాడు ఆయన, ఇక మూడో మనిషికి ఎందుకనిపించింది. లేచి వచ్చేశాను. నున్నటి గోడ మీద గూడు ఉండిన చోటు ఎక్కడో కూడా గుర్తుపట్టలేకపోయాను.

ఇప్పుడు నంద్యాలలో గాని ఆళ్ళగడ్డలో గాని ఏ టీ బంకు దగ్గరైనా అందరికీ ఒకటే కాగితం కప్పు. తాగి నలిపి పారేస్తారు. ఎవరి పెదవి దేనికి తగిలిందో ఎవరూ అడగరు, పేరు చెబితే ఏ పేట అని మాత్రం ఇంకా అడుగుతారు. మంచి జరగలేదని నేను అనను. ఆ గూడు పోయినందుకు దేవునికి స్తోత్రం చెప్పాలి, చెబుతాను. కానీ గూడుతో పాటు నా చేతి పని ఒక్కటే ఒక్కటి మట్టిలో కలిసింది. ఒకటి పోయినందుకు సంతోషిస్తూ, ఇంకొకటి పోయినందుకు ఏడవడం నాకు ఈ వయసులో కూడా చేతకాలేదు.

ఆ పిల్ల ఫోనులో చూపించిన పింగాణి అంతా అద్దాల వెనక ఉంది. వాటిని చేసినవాళ్ళ పేర్లు పక్కన రాసి ఉన్నాయి. వాటిలో ఎవరూ ఏదీ తాగరు. నా కప్పులో నాయన తాగాడు, ఎండలో శనగలు జల్లించి వచ్చిన మావాళ్ళెందరో తాగారు, పిచ్చుక మూతి అరిగిందని కూడా ఒకడు గమనించాడు. ఇంతకంటే మంచి చోటు ఏ బొమ్మకు దొరుకుతుందని నాకు నేను సర్దిచెప్పుకుంటాను. సగం దాకా సర్దుకుంటుంది. ఆ పైన ఆ చాచిన రెండు చేతులు గుర్తొస్తాయి.

పొద్దున్నే ప్రార్థనలో మేలు చేసినవారి పేర్లు ఒక్కొక్కటే చెప్పుకోవడం అమ్మ నేర్పిన అలవాటు. దొరసానమ్మ పేరు, కుమ్మరాయన పేరు తడబడకుండా వస్తాయి. శెట్టెమ్మ పేరు దగ్గరికి వచ్చేసరికి నోరు ఆగిపోతుంది. ఎంతసేపు ఆగుతుందో లెక్కపెట్టలేదు. ఇన్నేళ్ళలో ఒక్కరోజు కూడా ఆ పేరు చెప్పకుండా లేవలేదు, ఒక్కరోజు కూడా ఆగకుండా చెప్పలేదు.